గర్భాశయ ముఖద్వారం మీద వెలుగు

గర్భాశయం కింది కొన యోనిలోకి తెరుచుకునే చోటు గర్భాశయ ముఖద్వారం. డాక్టర్లు సర్విక్స్ అనేది దీన్నే. ఇక్కడ పుట్టే క్యాన్సర్ రాత్రికి రాత్రి వచ్చేది కాదు. హ్యూమన్ పాపిల్లోమా వైరస్, అంటే హెచ్‌పీవీ, సోకి వదలకుండా తిష్ఠ వేసినప్పుడు పై పొరలోని కణాలు ఏళ్ల తరబడి మెల్లమెల్లగా మారతాయి. రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్న స్త్రీలో ఆ మార్పు క్యాన్సర్ దాకా రావడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ ఉండి చికిత్స అందని వారిలో 5 నుంచి 10 ఏళ్లే పట్టవచ్చు. ఈ మధ్య కాలాన్ని క్యాన్సర్ పూర్వదశ అంటారు. అప్పుడు నొప్పి ఉండదు, రక్తం కనబడదు, ఏ బాధా తెలియదు. ఆ దశలో కనిపెడితే ఓపీలోనే కొద్ది నిమిషాల చికిత్సతో తీసేయవచ్చు. అయినా 2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 6 లక్షల 60 వేల మందికి ఈ క్యాన్సర్ వచ్చింది, సుమారు మూడున్నర లక్షల మంది చనిపోయారు. భారతదేశంలో ఆ ఏడాది అంచనా లక్షా 27 వేల కొత్త కేసులు, దాదాపు 80 వేల మరణాలు. ఇంత గడువిచ్చే వ్యాధి ఇంతమందిని తీసుకుపోతున్నదంటే, ఆ గడువులో ఎవరూ చూడకపోవడమే కారణం. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఈ క్యాన్సర్ కోసం పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు.

చూసే పద్ధతి లేక కాదు. జార్జ్ పాపనికొలావ్, హెర్బర్ట్ ట్రౌట్ 1940ల మొదట్లో లోకానికి పరిచయం చేసిన ప్యాప్ స్మియర్, క్రమం తప్పకుండా జరిగిన దేశాల్లో ఈ క్యాన్సర్‌ను బాగా తగ్గించింది. అయితే దానికి ల్యాబ్ కావాలి, స్లైడులు చదివే నిపుణులు కావాలి, రెండు మూడేళ్లకోసారి మళ్లీ చేయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, స్త్రీ మళ్లీ మళ్లీ రావాలి. స్మియర్ ఇచ్చాక రిపోర్టు కోసం ఒకసారి, అందులో తేడా ఉంటే భూతద్దంతో చూసే కాల్పోస్కోపీ కోసం ఇంకోసారి, ముక్క తీసి చేసే బయాప్సీ ఫలితం కోసం మరోసారి, చికిత్సకు వేరే రోజు. కూలి పోగొట్టుకుని, బస్సెక్కి, ఇంట్లో ఎవరికో చెప్పి ఒప్పించి వచ్చిన మనిషి ప్రతి మలుపులోనూ తప్పిపోయే అవకాశం ఉంది. స్త్రీ బల్ల మీద ఉండగానే జవాబు చెప్పగలిగితే ఈ రాకపోకల్లో సగమైనా తగ్గుతాయి. కణజాలాన్ని కోయకుండా, దాని మీద కాంతి ప్రసరింపజేసి, తిరిగి వచ్చిన కాంతి నుంచే సమాచారం రాబట్టే పద్ధతుల మీద వందేళ్లుగా జరుగుతున్న కృషికి ఆధారం ఈ ఆశే.

ఇలాంటి పరీక్షకు సర్విక్స్ బాగా అనువైన చోటు. యోనిని తెరిచి ఉంచే స్పెక్యులమ్ అనే పరికరం పెడితే నేరుగా కంటికి కనిపిస్తుంది. దాని వెలుపలి భాగాన్ని చదునైన కణాలు అనేక వరుసలుగా కప్పి ఉంటాయి. ఆ పొర మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. లోపలి కాలువను మాత్రం స్తంభాల వంటి కణాలు ఒకే వరుసగా కప్పుతాయి, కింది రక్తనాళాలు తెలుస్తుండటం వల్ల ఆ భాగం ఎర్రగా కనిపిస్తుంది. వయసు వచ్చాక, గర్భధారణ సమయంలో ఈ స్తంభ కణాలు కొంత బయటికి వచ్చి, క్రమంగా చదునైన కణాలుగా మారతాయి. ఈ మార్పు జరిగే వలయాన్ని పరివర్తన మండలం అంటారు. హెచ్‌పీవీ పట్టుకునేది ఎక్కువగా ఇక్కడే, పూర్వదశ పుట్టేదీ ఇక్కడే. ఆరోగ్యంగా ఉన్న పొరలో అట్టడుగు కణాలు చిన్నవి, వాటి కేంద్రకాలు మాత్రం కణంతో పోలిస్తే పెద్దవి. పైకి వచ్చేకొద్దీ కణాలు చదునవుతాయి, కేంద్రకాలు కుంచించుకుపోతాయి, గ్లైకోజెన్ అనే పిండిపదార్థం పేరుకుంటుంది. పూర్వదశలో ఈ ఎదుగుదల ఆగిపోతుంది. పెద్ద కేంద్రకాలున్న అపరిపక్వ కణాలు కింది మూడోవంతులో ఉంటే మొదటి స్థాయి, మూడింట రెండు వంతుల దాకా వస్తే రెండో స్థాయి, పొర మొత్తాన్ని ఆక్రమిస్తే మూడో స్థాయి. మొదటి స్థాయి చాలామందిలో దానంతట అదే తగ్గిపోతుంది. వెతకాల్సింది రెండు, మూడు స్థాయిలను.

ఈ వెతుకులాటకు తొలి సాధనం కాల్పోస్కోప్. జర్మనీలో హాన్స్ హిన్సెల్‌మన్ 1925లో, రెండు కళ్లతో చూడగల భూతద్దాల అమరికకు బలమైన దీపాన్ని జోడించి దీన్ని తయారుచేశాడు. పైన పేరుకున్న జిగురును తొలగించడానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లం, పూస్తుండగా కొన్ని చోట్ల తెల్లని మచ్చలు తేలడం కనిపించింది. పరీక్షకు అసలు ప్రాణం ఆ మచ్చలేనని తరువాత తేలింది. 1920ల చివర్లో వియన్నాలో వాల్టర్ షిల్లర్ అయోడిన్ ద్రావణం పూసే పద్ధతిని కనుగొన్నాడు. గ్లైకోజెన్ నిండిన ఆరోగ్యకర కణాలు అయోడిన్‌ను పీల్చుకుని ముదురు గోధుమ రంగుకు మారతాయి, గ్లైకోజెన్ లేని పూర్వదశ కణాలు ఆవపసుపు రంగులో మిగిలిపోతాయి. యూదుడైన షిల్లర్ ఆ తరువాత దేశం విడిచి అమెరికా వెళ్లాల్సి వచ్చింది. హిన్సెల్‌మన్ కథ వేరు. ఆష్విట్జ్ శిబిరంలో నాజీ వైద్యుడు ఎడ్వర్డ్ విర్ట్స్ బందీ స్త్రీల మీద బలవంతంగా జరిపిన సర్విక్స్ ప్రయోగాల నమూనాలు హిన్సెల్‌మన్ ప్రయోగశాలకు చేరేవి. రోమా స్త్రీలకు బలవంతపు సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేసిన నేరానికి యుద్ధం ముగిశాక కోర్టు ఆయనకు శిక్ష విధించింది. లక్షలాది ప్రాణాలు కాపాడిన పరికరం చరిత్రలో ఆ స్త్రీల గాయం కూడా ఉంది. దాన్ని వదిలేసి ఈ చరిత్ర చెప్పడం న్యాయం కాదు.

ఎసిటిక్ ఆమ్లం పూసినప్పుడు జరిగేది గుడ్డును వేడి చేసినప్పుడు తెల్లసొనకు జరిగేదాని వంటిది: పారదర్శకంగా ఉన్న ప్రొటీన్లు గడ్డకట్టి కాంతిని అన్ని దిక్కులకూ చెదరగొడతాయి. తేడా ఏమిటంటే సర్విక్స్ మీద ఈ మార్పు తాత్కాలికం, కొన్ని నిమిషాల్లో కణాలు మామూలు స్థితికి వస్తాయి. మూడు నుంచి ఐదు శాతం గాఢత ఉన్న ద్రావణం కేంద్రకాల్లోని ప్రొటీన్లను ఇలా మారుస్తుంది. ఆరోగ్యకర పొరలో పైనున్న కేంద్రకాలు చిన్నవి, దూరదూరంగా ఉంటాయి కాబట్టి కాంతి ఆ పొరను దాటి కింది రక్తనాళాల దాకా వెళ్లి గులాబీ రంగుతో తిరిగి వస్తుంది. పూర్వదశలో పెద్ద కేంద్రకాలు కిక్కిరిసి ఉంటాయి. కాంతి లోపలికి పోకుండా పైనుంచే వెనక్కి మళ్లుతుంది, అందుకే తెలుపు. ఎంత త్వరగా తెల్లబడింది, అంచు ఎంత స్పష్టంగా ఉంది, తెలుపు ఎంతసేపు నిలిచింది అన్నవి వ్యాధి తీవ్రతను చెబుతాయి. కాల్పోస్కోప్‌లో ఆకుపచ్చ ఫిల్టర్ కూడా ఉంటుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది కనుక ఆ వెలుగులో రక్తకేశనాళికలు నల్లని గీతల్లా స్పష్టపడతాయి. మచ్చలో చుక్కలు చుక్కలుగానో గళ్లు గళ్లుగానో నాళాలు కనబడితే అనుమానం బలపడుతుంది.

చిక్కల్లా తెల్లబడే ప్రతిదీ పూర్వదశ కాకపోవడం. పరివర్తన మండలంలో సహజంగా మారుతున్న అపరిపక్వ కణాలూ తెల్లబడతాయి. ఇన్ఫెక్షన్ వల్ల వాచిన చోటూ తెల్లబడుతుంది. చూసే కన్ను మారితే తీర్పు మారుతుంది. అనుభవజ్ఞులైన కాల్పోస్కోపీ నిపుణులు కూడా, ఒకే చోట నుంచి బయాప్సీ ముక్క తీస్తే తీవ్రమైన మచ్చల్లో చెప్పుకోదగ్గ భాగాన్ని జారవిడుస్తున్నారని అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనాలు చూపాయి. రెండు మూడు చోట్ల నుంచి తీస్తే పట్టుబడేవి పెరుగుతున్నాయి. అంటే కాల్పోస్కోప్ మచ్చ ఉందని చెప్పగలదు గాని, అన్నిటికన్నా చెడ్డ చోటు ఏదో కచ్చితంగా వేలుపెట్టి చూపలేదు. ఆ తరువాత వచ్చిన కాంతి పద్ధతులు చాలావరకు ఈ లోపాన్ని పూరించడానికి చేసిన ప్రయత్నాలే.

కాల్పోస్కోప్ కూడా లేనిచోట మామూలు కంటితో ఇదే చూడవచ్చు. ఎసిటిక్ ఆమ్లం పూసి, ఒక నిమిషం ఆగి, టార్చ్ లేదా హాలోజన్ దీపం వెలుగులో చూడటాన్ని వీఐఏ పరీక్ష అంటారు. దీని విలువను నిరూపించడంలో భారతదేశానికి ప్రపంచంలోనే ముఖ్యమైన స్థానం ఉంది. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో శిక్షణ పొందిన నర్సులు చేసిన ఈ పరీక్ష వల్ల సర్వైకల్ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో లాన్సెట్ పత్రికలో వెల్లడైంది. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో దాదాపు లక్షన్నర మంది స్త్రీలు పాల్గొన్నారు. సాధారణ చదువు చదివిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి పరీక్ష చేశారు. పన్నెండేళ్ల తరువాత చూస్తే మరణాలు 31 శాతం తగ్గాయి. పోలిక కోసం పెట్టుకున్న గుంపులోని స్త్రీలకు పరీక్ష చేయకుండా ఆరోగ్య బోధనతో సరిపెట్టడం మీద నైతిక ప్రశ్నలు కూడా వచ్చాయి, అవి తేలిగ్గా తోసిపుచ్చదగినవి కావు.

మహారాష్ట్రలోని ఉస్మానాబాద్‌లో మాత్రం ఫలితం మరోలా వచ్చింది. లక్షా 31 వేల మందికి పైగా స్త్రీలను నాలుగు గుంపులుగా చేసి, మూడు గుంపులకు ఒక్కొక్క పరీక్ష ఒక్కసారి మాత్రమే చేశారు. హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్న గుంపులో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. వీఐఏ గుంపులోనూ ప్యాప్ గుంపులోనూ చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. హైదరాబాద్ దగ్గరి మేడ్చల్‌లో చేసిన అధ్యయనం 2010లో ప్రచురితమైంది. అక్కడ కూడా పూర్వదశను పట్టుకోవడంలో వీఐఏ మిగతా రెండు పరీక్షలకన్నా బాగా వెనకబడింది. ఈ ఫలితాలు ఒకదానికొకటి విరుద్ధంగా కనబడినా కారణం ఊహించలేనిది కాదు. ముంబయిలో పరీక్ష పదేపదే జరిగింది, పర్యవేక్షణ గట్టిగా ఉంది. ఒకసారి జారిపోయినది మరోసారి దొరికింది. ఒక్కసారే చూసే అవకాశం ఉన్నప్పుడు కంటిచూపును నమ్ముకోవడం కష్టం. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసిన మార్గదర్శకాలు 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకోసారి వీఐఏ చేయాలన్నాయి. పరీక్ష చేసే నర్సు శిక్షణను ఎప్పటికప్పుడు తాజా చేయకపోతే ఆ మార్గదర్శకం కాగితం మీదే నిలుస్తుంది.

కన్ను చూడలేనిది పరికరం చూడగలదా అన్నది తరువాతి ప్రశ్న. కణజాలం మీద పడిన కాంతికి మూడు ముఖ్యమైన గతులు ఉంటాయి. కొంత చెదిరిపోతుంది, దాన్ని పరిక్షేపణ అంటారు. కొంత శోషణ చెందుతుంది. అతికొద్ది భాగం శోషణ తరువాత వేరే రంగులో తిరిగి వెలువడుతుంది, అది ప్రతిదీప్తి. కేంద్రకాల పరిమాణం, కిక్కిరిసిన తీరు పరిక్షేపణలో తెలుస్తాయి. రక్తం ఎంత ఉంది, అందులో ఆక్సిజన్ ఎంత ఉంది అన్నవి శోషణలో తెలుస్తాయి, ఎందుకంటే హిమోగ్లోబిన్ 420, 540, 577 నానోమీటర్ల దగ్గర తన ముద్ర వేస్తుంది. కణాల జీవక్రియ, కింది పొర నిర్మాణం ప్రతిదీప్తిలో బయటపడతాయి. వీటిలో ప్రతిదీప్తి కథ అన్నిటికన్నా ఆసక్తికరం.

1990ల మొదట్లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో రెబెకా రిచర్డ్స్ కోర్టుమ్, ఆమె విద్యార్థి నిర్మలా రామానుజం, హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం డాక్టర్లతో కలిసి పనిచేశారు. 337 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని సన్నని ఫైబర్ ద్వారా సర్విక్స్ మీదకు పంపి, తిరిగి వచ్చే బలహీనమైన నీలి వెలుగును కొలిచారు. ఏ రంగూ మందూ పూయలేదు. 1994లో వెలువడిన ఫలితాల ప్రకారం, పూర్వదశ ఉన్న చోట్ల వెలుగు తీవ్రత తగ్గుతోంది, దాని శిఖరం ఎక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతోంది. ఎందుకు? పై పొరకు కింద ఉండే ఆధార కణజాలంలో కొల్లాజెన్ అనే ప్రొటీన్ నార దట్టంగా ఉంటుంది, బాగా వెలిగేది అదే. పూర్వదశ కణాలు ఇంకా పై పొర హద్దు దాటకముందే, కింది కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములను ప్రేరేపిస్తాయి. అక్కడ కొత్త రక్తనాళాలు కూడా పెరిగి కాంతిని పీల్చుకుంటాయి. అందువల్ల కింది నుంచి వచ్చే వెలుగు మసకబారుతుంది.

ఇదే సమయంలో పై పొరలో వ్యతిరేక దిశలో మార్పు జరుగుతోందని, తాజా కణజాలపు పలుచని ముక్కల్ని సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు తేలింది. ఎన్‌ఏడీహెచ్ అనే అణువు కణాల శక్తి ఉత్పత్తిలో పాల్గొంటుంది, 340 నానోమీటర్ల కాంతికి స్పందించి 460 దగ్గర వెలుగుతుంది. పూర్వదశ కణాల్లో జీవక్రియ చురుకుగా ఉంటుంది కాబట్టి దీని వెలుగు పెరుగుతుంది. పైన పెరుగుదల, కింద తరుగుదల. రెండింటినీ కలిపి ఒకే ఫైబర్‌తో కొలిస్తే ఒకదాన్నొకటి కొంత కప్పేసుకుంటాయి. అందుకే ఫైబర్‌ను వాలుగా అమర్చడం, చివర చిన్న కటకం పెట్టడం వంటి ఉపాయాలతో పై పొర వెలుగును, కింది పొర వెలుగును విడదీసి కొలిచే పరికరాల మీద ఆ తరువాతి పదేళ్లు శ్రమ సాగింది. వాపు, వయసు కూడా లెక్కలోకి వచ్చాయి. నెలసరి నిలిచిన స్త్రీలలో కొల్లాజెన్ వెలుగు సహజంగానే ఎక్కువగా ఉంటుంది. కాబట్టి ఇరవై అయిదేళ్ల స్త్రీకి పెట్టిన కొలబద్దతో యాభై అయిదేళ్ల స్త్రీని కొలిస్తే తప్పు జవాబు వస్తుంది.

ఈ పరిజ్ఞానం మార్కెట్‌లోకి రావడం అంత సాఫీగా జరగలేదు. అమెరికాలో మెడిస్పెక్ట్రా సంస్థ తయారుచేసిన లూమా పరికరం ప్రతిదీప్తిని, తెల్లని కాంతి పరావర్తనాన్ని కలిపి సర్విక్స్ మొత్తానికి పటం గీసేది. 2006లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని ఆమోదించింది, అదీ కాల్పోస్కోపీ తరువాత అదనపు సాయంగా మాత్రమే. సంస్థ నిలదొక్కుకోలేక మరొకరి చేతికి వెళ్లిపోయింది. గ్రీసులో కోస్టాస్ బలాస్ వేరే దారి పట్టాడు. కొత్త అణువులను వెతకకుండా, హిన్సెల్‌మన్ కాలం నాటి తెలుపునే క్రమబద్ధంగా కొలవాలని నిర్ణయించుకున్నాడు. ఆయన కృషి నుంచి వచ్చిన డైసిస్ పరికరం ఎసిటిక్ ఆమ్లం పూశాక కొన్ని నిమిషాలపాటు వరుసగా ఫోటోలు తీస్తుంది. ప్రతి బిందువులో తెలుపు ఎంత వేగంగా పెరిగింది, ఎంత నెమ్మదిగా తగ్గింది అని లెక్కగట్టి రంగుల పటంగా తెర మీద చూపిస్తుంది. బయాప్సీ ఎక్కడ తీయాలో డాక్టరుకు ఆ పటం సూచిస్తుంది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2012లో దీన్ని సిఫారసు చేసింది. భౌతికశాస్త్రం వైపు నుంచి చూస్తే లూమా ఎక్కువ లోతైనది. కాని క్లినిక్‌లో బతికింది డైసిస్, ఎందుకంటే డాక్టర్లకు అప్పటికే అలవాటైన పనిలో అది సులువుగా ఇమిడింది.

సర్ సి.వి. రామన్ 1928లో కలకత్తాలో కనుగొన్న పరిక్షేపణ ఈ రంగంలో ఇంకో దారి తెరిచింది. కణజాలం నుంచి చెదిరే కాంతిలో దాదాపు కోటికి ఒక్క కాంతి రేణువు, అంటే ఫోటాన్, తన శక్తిని మార్చుకుని బయటికి వస్తుంది. ఆ మార్పు ఎంత అన్నది ఏ అణువును తాకిందో దాన్ని బట్టి ఉంటుంది. డీఎన్‌ఏ, గ్లైకోజెన్, కొల్లాజెన్, కొవ్వులు ఒక్కొక్కటి తమ గీతల వరుసను వదులుతాయి. ప్రతిదీప్తి వర్ణపటం వెడల్పైన మసక దిబ్బలా ఉంటే, రామన్ వర్ణపటంలో సన్నని శిఖరాలు డజన్ల కొద్దీ ఉంటాయి. అనిత మహదేవన్ జాన్సెన్ 1990లలో మొదలుపెట్టి, ఆ తరువాత వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో కొనసాగిస్తూ, దీన్ని సర్విక్స్‌కు వర్తింపజేశారు. స్త్రీ నెలసరి చక్రంలో ఏ దశలో ఉంది, నెలసరి నిలిచిందా అన్న సమాచారాన్ని కూడా లెక్కలో చేర్చినప్పుడు ఫలితాల కచ్చితత్వం మెరుగైందని ఆమె బృందం చూపింది. నవీ ముంబయి ఖార్‌ఘర్‌లోని టాటా మెమోరియల్ పరిశోధన కేంద్రంలో మురళీకృష్ణ బృందం భారతీయ స్త్రీలలో ఈ పద్ధతిని పరిశీలించింది. ఐఐటీ కాన్పూర్‌లో అసీమా ప్రధాన్ బృందం ధ్రువణ కాంతితో ప్రతిదీప్తిని కొలిచే మార్గాన్ని, ఐసర్ కోల్‌కతాలో నిర్మల్య ఘోష్, ప్రశాంత పాణిగ్రాహి బృందాలు ధ్రువణ మార్పులనుంచి కొల్లాజెన్ నారల అమరికను చదివే మార్గాన్ని అనుసరించాయి. రామన్ సంకేతం మహా బలహీనం. మంచి లేజరు, చల్లబరిచిన సున్నితమైన డిటెక్టర్, గదిలో చీకటి కావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇది చేరాలంటే ఖరీదు ఎంతో దిగిరావాలి.

వర్ణపటాన్ని చదవడం ఒక పద్ధతి, కణాలను నేరుగా చూడటం మరో పద్ధతి. రైస్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్స్ కోర్టుమ్ బృందం రూపొందించిన మైక్రోఎండోస్కోప్‌లో వేల సన్నని ఫైబర్లను కట్టగా కట్టిన కడ్డీ ఉంటుంది. నవజాత శిశువుల బొడ్డుకు పూసే మందుల్లో చాలా కాలం వాడిన ప్రొఫ్లావిన్ అనే పసుపు రంగును సర్విక్స్ మీద చుక్క వేస్తే అది కేంద్రకాలకు అంటుకుంటుంది. నీలి ఎల్‌ఈడీ వెలుగులో కేంద్రకాలు ఆకుపచ్చగా మెరుస్తాయి. కడ్డీ చివరను ఆనిస్తే కణాల చిత్రం తెర మీదికి వస్తుంది, కేంద్రకాల పరిమాణాన్ని కంప్యూటర్ అక్కడికక్కడే లెక్కిస్తుంది. బ్రెజిల్‌లోని బరెటోస్ క్యాన్సర్ ఆసుపత్రి వారు దీన్ని వ్యానుల్లో పల్లెలకు తీసుకెళ్లి పరీక్షించారు. దీని పరిమితి దాని చిన్న చూపే. ఒక్కసారికి మిల్లీమీటరు కన్నా తక్కువ వెడల్పు మాత్రమే కనిపిస్తుంది, ఎక్కడ ఆనించాలో ముందే తెలియాలి. 1991లో ఎంఐటీలో పుట్టిన ఓసీటీ పరిజ్ఞానాన్ని కంటి డాక్టర్లు ఇప్పుడు రోజూ వాడుతున్నారు. అది పరారుణ కాంతితో ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు దాకా అడ్డుకోతను చూపగలదు. ఆరోగ్యకర సర్విక్స్‌లో పై పొర, కింది పొర మధ్య గీత స్పష్టంగా కనబడుతుంది, రోగం ముదిరి ఆ గీత చెరిగితే తెలుస్తుంది. తొలి స్థాయిలను విడదీయడంలో మాత్రం అది అంత బలంగా లేదు.

ఇటీవలి కాలంలో పరికరాలు చేతిలో ఇమిడేంత చిన్నవయ్యాయి. నిర్మలా రామానుజం డ్యూక్ విశ్వవిద్యాలయంలో పాకెట్ కాల్పోస్కోప్ తయారుచేశారు. దాని కెమెరా కడ్డీ చివర ఉండి సర్విక్స్‌కు బాగా దగ్గరగా వెళ్తుంది కనుక పెద్ద కటకాలు అక్కర్లేదు. స్వీడన్ నుంచి గైనోక్యులర్, ఇజ్రాయెల్ నుంచి ఫోన్‌కు కటకం బిగించిన ఈవా, మన దేశంలో నోయిడాలోని ఐసీఎంఆర్ సంస్థ నుంచి బ్యాటరీతో నడిచే మ్యాగ్నివిజువలైజర్ వచ్చాయి. ఈ ఫోటోలను కంప్యూటర్‌తో చదివించే ప్రయత్నంలో 2019లో ఒక ఫలితం పెద్ద ఆశ రేపింది. కోస్టారికాలోని గువానకాస్టెలో 9 వేలకు పైగా స్త్రీలను ఏళ్లపాటు పరిశీలించినప్పుడు తీసిన చిత్రాలతో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ శాస్త్రవేత్తలు కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చారు. అది మనుషులకన్నా మెరుగ్గా పూర్వదశను గుర్తించింది. ఆ తరువాత అదే శాస్త్రవేత్తలు తమ పద్ధతిలోని లోపాలను దాచకుండా బయటపెట్టారు: వేరే కెమెరాతో తీసిన చిత్రాల మీద అది తడబడింది, ఒకే స్త్రీకి ఒకే విడతలో తీసిన రెండు ఫోటోలకు రెండు రకాల జవాబులు ఇచ్చింది. ఈ రంగంలో ప్రచారం కోసం వెలువడే శాతాలను చదివేటప్పుడు ఆ నిజాయితీని గుర్తుపెట్టుకోవాలి. కొద్దిమంది రోగుల మీద, నిపుణుల చేతుల్లో, ఒకే ఆసుపత్రిలో వచ్చిన 90 శాతం కచ్చితత్వం వేరే ఊళ్లో నిలవకపోవచ్చు.

వీటన్నిటికీ సరైన చోటు ఏది? 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలి పరీక్షగా హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షను సిఫారసు చేసింది. 35 ఏళ్లు నిండేలోగా ఒకసారి, 45 నిండేలోగా మరోసారి, 70 శాతం స్త్రీలకు నాణ్యమైన పరీక్ష అందాలన్నది 2030కి పెట్టుకున్న లక్ష్యాల్లో ఒకటి. ఈ పరీక్షకు స్త్రీ తన నమూనాను తానే తీసుకోవచ్చు, స్పెక్యులమ్ అక్కర్లేదు. అయితే వైరస్ సోకినవారిలో ఎక్కువమందికి రెండేళ్లలో అది దానంతటదే పోతుంది. పాజిటివ్ వచ్చిన అందరికీ చికిత్స చేస్తే అనవసరపు చికిత్సలు పెరుగుతాయి, ఎవరికీ చేయకపోతే పరీక్షకు అర్థం లేదు. ఎవరికి పూర్వదశ ఉంది, మచ్చ ఎక్కడ ఉంది, అది వేడితో మాడ్చే చికిత్సకు లొంగేంత చిన్నదా అని ఆ పూటే తేల్చాల్సిన ఈ రెండో మెట్టు దగ్గరే కాంతి పద్ధతులు బాగా రాణిస్తాయి. నూరు డిగ్రీల వేడి కొనను అర నిమిషం ఆనిస్తే సరిపోయే చికిత్సను నర్సు కూడా చేయగలదు. కాబట్టి చూడటం, చికిత్స చేయడం ఒకే విడతలో ముగుస్తాయి. వందమందిని మొదట వెలుగుతో జల్లెడ పట్టే పనికన్నా, వైరస్ ఉన్న పదిమందిని శ్రద్ధగా చూసే పనికి ఈ పరికరాలను కేటాయించడం మేలు.

కాంతి చేరలేని చోటు కూడా ఉంది. వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా నెలసరి నిలిచాక, పరివర్తన మండలం సర్విక్స్ కాలువ లోపలికి జారిపోతుంది. అప్పుడు స్పెక్యులమ్‌లోంచి చూసినా, కెమెరాతో చూసినా, లేజరు వేసినా అసలు చోటు కనబడదు. అందువల్ల యాభై దాటిన స్త్రీకి బయట ఏమీ కనబడలేదన్నంత మాత్రాన ఏమీ లేదని చెప్పకూడదు. కాలువ లోపలి నుంచి నమూనా తీయాల్సి ఉంటుంది. కాలువలోకి దూరే సన్నని ఫైబర్ పరికరాల మీద పని జరుగుతోంది గాని అవి ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి.

హెచ్‌పీవీ టీకా వేసుకున్న తరం పరీక్షల వయసుకు చేరుతుండటంతో మరో మార్పు మొదలైంది. 2007 నుంచి బాలికలకు టీకా ఇస్తున్న ఆస్ట్రేలియాలో తీవ్రమైన మచ్చలు యువతుల్లో గణనీయంగా తగ్గాయి. ఆ దేశం 2017 చివర్లో ప్యాప్ స్మియర్‌ను వదిలి హెచ్‌పీవీ పరీక్షకు మారింది. టీకా ముందుగా తొలగించేది 16, 18 రకాల వైరస్‌లను. ప్రపంచంలోని ఈ క్యాన్సర్లలో 70 శాతానికి కారణం ఆ రెండే. వాటిలోనూ 16వ రకం వల్ల వచ్చే మచ్చలు మిగతా రకాల మచ్చలకన్నా చిక్కగా తెల్లబడి కంటికి సులువుగా దొరుకుతాయి. అవి తగ్గాక మిగిలేవి పలుచనివి, చిన్నవి, అరుదైనవి. తెలుపును బట్టి తీర్పు చెప్పే పద్ధతుల్లో అప్పుడు లేని జబ్బును ఉందనే పొరపాట్ల వాటా పెరుగుతుంది. టీకా వేసుకున్న తరంలో వీఐఏ లాంటి కంటిచూపు పరీక్షలు క్రమంగా వెనక్కి తగ్గి, పలుచని మచ్చలోనూ కేంద్రకాల పెరుగుదలను, కొల్లాజెన్ తరుగుదలను విడివిడిగా కొలవగల పరికరాల అవసరం పెరుగుతుంది. టీకా అందని తరం స్త్రీలు తెలుగు రాష్ట్రాల పల్లెల్లోనూ బస్తీల్లోనూ ఇంకా కొన్ని దశాబ్దాలపాటు పరీక్ష వయసులోనే ఉంటారు. వారికి హెచ్‌పీవీ పరీక్ష, దాని వెంట మంచి వెలుగులో శిక్షణ పొందిన కన్ను, అదే రోజు చికిత్స ఇప్పటికే అందుబాటులో ఉన్న పరిజ్ఞానంతోనే అందించవచ్చు.